వరంగల్‌లో ఇల్లు చూసుకునేటప్పుడు బస్తీ పేరు కాదు, గల్లీ చూడండి

నమస్తే అన్నా. మీరు అడిగింది ఇది: మంచిర్యాల నుంచి వరంగల్ వస్తున్నారు. మేడమ్‌కు ఎంజీఎం ఆసుపత్రిలో స్టాఫ్ నర్స్ పోస్టింగ్, నైట్ డ్యూటీలుంటాయి. పాప ఇంటర్. ముందు కిరాయికి దిగి, ఏడాది తర్వాత పాత ఇల్లో, ఫ్లాటో కొనాలి. శివనగర్–కరీమాబాద్, గిర్మాజీపేట–మట్టెవాడ, కాశిబుగ్గ, హనుమకొండ కుమార్‌పల్లి, ఈ నాలుగింట్లో ఏది సేఫ్? "అండర్ గేట్ అవతలికి (రైల్వే లైన్ దాటి శివనగర్–కరీమాబాద్ వైపు) పోవద్దు", "హంటర్ రోడ్డు వైపు చూడండి, అక్కడ అంతా ఉద్యోగస్తులే" అని చుట్టాలు చెబుతున్నారు.

ఈ నాలుగింటికీ ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇవ్వడం కుదరదు. సేఫ్ అనే మాటలో కనీసం ఐదు వేర్వేరు భయాలు కలిసిపోయి ఉన్నాయి: దొంగతనం, ఆడవాళ్లు రాత్రి నడవడం, వరద, పాత గోడ కూలడం, కాగితాలు చెల్లకపోవడం. ఒక్కో బస్తీ ఒక్కోదాంట్లో బాగుంటుంది, ఇంకోదాంట్లో దెబ్బ తింటుంది. అదీ బస్తీ మొత్తానికి ఒకేలా ఉండదు. కరీమాబాద్‌లోనే రెండు గల్లీల మధ్య ఉన్న తేడా కొన్నిసార్లు కరీమాబాద్‌కూ కుమార్‌పల్లికీ మధ్య ఉండదు.

ముందు ఈ మంచి పేరు, చెడ్డ పేరు ఎట్లా వచ్చాయో చూడండి. అండర్ గేట్ అవతల 1934లో పెట్టిన ఆజం జాహి బట్టల మిల్లు 2002లో మూతపడింది. తరాలుగా మిల్లు జీతం మీద బతికిన ఇళ్లు ఒక్కసారిగా రోజు కూలీ మీద పడ్డాయి. అండర్ రైల్వే గేట్ ప్రాంతానికి చెడ్డపేరు చాలావరకు ఆ కాలంలో అంటుకుందే. ఇప్పుడు మిల్లు జాగలో కుడా (నగరాభివృద్ధి సంస్థ) వాళ్ల 'ఓ సిటీ' అనే లేఅవుట్ ఉంది, వరంగల్ జిల్లా కలెక్టరేట్ భవనాలు లేచాయి. పోలీస్ స్టేషన్‌కు మాత్రం ఇప్పటికీ మిల్స్ కాలనీ పేరే. బస్తీ మారినా జనం నోట్లో పేరు మారడానికి పదిహేనేళ్లు పడుతుంది. మంచి పేరు విషయంలోనూ అంతే. ఒకప్పుడు ఆఫీసర్లు కట్టుకున్న కాలనీ అని ఇప్పటికీ మెచ్చుకునే చోట్లలో కొన్నింటికి నాలా నీళ్లు ఇంటి మెట్ల దాకా వస్తున్నాయి. మీ చుట్టాలు చెప్పిన హంటర్ రోడ్డు సంగతి కింద రాస్తాను.

పోలీసు లెక్కలు. ఏడాది చివర కమిషనరేట్ ప్రెస్‌మీట్‌లో చెప్పే అంకెలు మొత్తం కమిషనరేట్‌వి, గల్లీ ఎంచుకోవడానికి పనికిరావు. స్టేషన్‌వారీ కేసుల సంఖ్యను కూడా నేరుగా పోల్చకండి. మట్టెవాడ స్టేషన్ పరిధిలో ఎంజీఎం ఉంది. నాలుగైదు జిల్లాల నుంచి పేషెంట్లు, వాళ్ల వెంట వచ్చేవాళ్లు, ఆసుపత్రి బయట బండ్ల దొంగతనాలు, సెల్‌ఫోన్ల దొంగతనాలు, అన్నీ ఆ స్టేషన్ లెక్కలోకే వస్తాయి. అవి మట్టెవాడలో కాపురం ఉండేవాళ్ల మీద జరిగినవి కావు. అదే రైల్వే స్టేషన్ లోపల జరిగితే జీఆర్పీ (రైల్వే పోలీసు) లెక్కలోకి పోతుంది, సివిల్ స్టేషన్ అంకెల్లో కనిపించదు.

దానికి బదులు ఇట్లా చేయండి. 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్‌ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. తెలంగాణ పోలీసు సైట్‌లో కమిషనరేట్, స్టేషన్, తేదీలు ఇచ్చి వెతకండి. గత మూడు నెలలవి ఒక్కొక్కటి తెరిచి రెండు గడులు మాత్రం రాసుకోండి: మూడో గడిలో సంఘటన జరిగిన రోజు, వేళ; ఐదో గడిలో జరిగిన చోటు, స్టేషన్ నుంచి ఎంత దూరం, ఏ దిక్కు. ఇక సెక్షన్లు చూడండి. భారతీయ న్యాయ సంహితలో 303 మామూలు దొంగతనం, 304 స్నాచింగ్, 305 ఇంట్లో దొంగతనం, 331 ఇంట్లోకి చొరబడటం. మీకు కావాల్సినవి ఇవే. 115(2), 296, 351 కలిపి ఉంటే చాలావరకు ఇరుగుపొరుగు, అన్నదమ్ముల కొట్లాట, తిట్లు, బెదిరింపులు. కొత్తగా దిగినవాళ్లకు వాటితో పెద్దగా పని లేదు. 281 రోడ్డు మీద నిర్లక్ష్యపు డ్రైవింగ్. ఈ వడపోత తర్వాత ఒక్కో స్టేషన్‌కు మిగిలేవి చాలా తక్కువ. వాటిని మ్యాప్ మీద చుక్కలుగా పెడితే ఏ జంక్షన్ దగ్గర, ఏ వేళలో జరుగుతున్నాయో తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. లైంగిక నేరాలు, పిల్లల మీద నేరాల ఎఫ్‌ఐఆర్‌లు సైట్‌లో పెట్టరు. కనిపించలేదు కాబట్టి అక్కడ ఆడవాళ్లకు ఇబ్బంది లేదనుకోవద్దు. ఆ సంగతి ఆ గల్లీలో కిరాయికి ఉన్న ఆడవాళ్లను, కాలేజీకి పోయే ఆడపిల్లలను మేడమే స్వయంగా అడిగితే తెలుస్తుంది. ఓనర్‌ను అడిగితే తెలియదు. ఓనర్ ఎప్పుడూ "ఇక్కడ ఏ ప్రాబ్లం లేదు" అనే అంటాడు.

దొంగతనాల సంగతిలో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. ఇరుకు గల్లీ ప్రమాదం, వెడల్పు రోడ్ల కాలనీ భద్రం అనుకుంటారు. గొలుసు లాగే వాడికి కావాల్సింది బండి మీద రెండు నిమిషాల్లో మెయిన్ రోడ్డు ఎక్కే దారి. తిన్నగా, వెడల్పుగా, రెండు వైపులా కాంపౌండ్ గోడలతో, పొద్దున్నే ముగ్గు వేసే వేళకు మనిషి కనిపించని కాలనీ రోడ్డు వాడికి అనుకూలం. అరుగుల మీద ముసలివాళ్లు కూర్చునే, మూలమీద కిరాణం ఉండే, బండి వేగంగా పోలేని పాత గల్లీలో అది కష్టం. కొత్త మొహం వస్తే "ఎవరింటికి?" అని అడుగుతారు. అది మొదట్లో చిరాకు పెడుతుంది కానీ, మేడమ్ లేటుగా వచ్చిన రాత్రి దాని విలువ తెలుస్తుంది. పాత బజారులో ఎక్కువగా పోయేవి బండ్లు. హ్యాండిల్ లాక్ ఒక్కటి చాలదు, ముందు చక్రానికి డిస్క్ లాక్ వేయండి. రాత్రి బండి గల్లీలో కాదు, గేటు లోపల పెట్టడానికి జాగ ఉందో లేదో ఇల్లు చూసినప్పుడే చూసుకోండి.

తాళం వేసిన ఇళ్లలో దొంగతనాలు పండుగల మీద ఆధారపడి ఉంటాయి. సంక్రాంతి, దసరా, ఎండాకాలం సెలవులు, రెండేళ్లకోసారి మేడారం జాతర. జాతరకు కాలనీలకు కాలనీలు మూడు నాలుగు రోజులు ఖాళీ అవుతాయి. బయట వేలాడే తాళం ఇల్లు ఖాళీ అని దూరం నుంచే చెబుతుంది. తలుపులోనే ఇమిడిపోయే లాక్ పెట్టించి, దాని ముందు గ్రిల్ గేటుకు లోపలి వైపు తాళం పడేట్టు చేయించుకోండి. ఊరికి పోయేటప్పుడు స్టేషన్‌లో చెప్పి పోతే బీట్ వాళ్లు ఆ గల్లీలో ఒక చుట్టు వేస్తారు.

ఇప్పుడు నీళ్లు. వరంగల్‌లో ఇల్లు చూసేవాళ్లు దొంగల కంటే ముందు దీనికి భయపడాలి. 2020 ఆగస్టు, 2023 జూలై, 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను, ఐదేళ్లలో మూడుసార్లు నగరం మునిగింది. ఎక్కడ మునిగిందో చూస్తే పేరుకూ భద్రతకూ ఎంత దూరమో తెలుస్తుంది. హనుమకొండలో వడ్డేపల్లి చెరువు వైపు నుంచి వచ్చే నీళ్లు నయీంనగర్ నాలా మీదుగా పోతాయి. సమ్మయ్యనగర్, నాలా ఒడ్డు కాలనీలు అందుకే మునిగాయి. 2024లో నయీంనగర్ పాత వంతెన కూల్చి, నాలా వెడల్పు చేసి కొత్తది కట్టారు. పై భాగంలో తేడా కనబడింది కానీ, వెడల్పు చేయని చోట కింద ఇంకా ఇరుకే. ఇటు బొందివాగు నాలా భద్రకాళి చెరువు వైపు పోతుంది. దాని మీద ఒత్తిడి పడితే ఎన్‌టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ, బృందావన్ కాలనీ, ఏకంగా హంటర్ రోడ్డే నీళ్లలో ఉంటుంది. 2023లో పోతననగర్ దగ్గర భద్రకాళి కట్ట తెగింది. ఎనుమాముల, దేశాయిపేట వైపు ఎస్ఆర్ నగర్, సాయిగణేష్ కాలనీలదీ అదే కథ, చెరువు కింద కట్టుకున్నవి. అందుకే హంటర్ రోడ్డు అంటే వెంటనే ఊ అనకండి. అక్కడా ఎత్తున ఉన్న లైన్లున్నాయి, అవి మంచివే. నాలాకు ఎంత దూరం, ఎంత ఎత్తు అని అడిగి అప్పుడు చూడండి.

మునిగిన ఇల్లు సున్నం వేసి చూపిస్తారు. గుర్తుపట్టడం ఇట్లా. దర్వాజ చెక్క కింది జానెడు ఉబ్బి ఉందేమో, రంగు పొరలు పొరలుగా లేస్తోందేమో చూడండి. నడుము ఎత్తు దాకా కొత్త పుట్టీ, పైన పాత రంగు ఉంటే అడగండి. కరెంటు మీటర్, స్విచ్ బోర్డులు ఆ వరుస ఇళ్లన్నింట్లో తల ఎత్తున బిగించి ఉంటే ఆ గల్లీకి అనుభవం అయినట్టే. సంపు మూత నేల మట్టానికి ఉంటే మోరీ నీళ్లు అందులోకి పోతాయి, కనీసం అడుగున్నర ఎత్తులో గట్టు ఉండాలి. మన దగ్గర ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే కాబట్టి, వాన గట్టిగా పడితే బాత్రూమ్ జాలీలోంచి నీళ్లు ఎగదన్నుతాయా అని కింది పోర్షన్ వాళ్లను అడగండి. ఇంకొకటి, పాత బస్తీల్లో పాత సీసీ రోడ్డును తవ్వకుండానే దాని మీద మళ్లీ సీసీ పోస్తూ వచ్చారు. రోడ్డు పైకి లేచింది, ఇల్లు గుంతలో పడింది. గుమ్మం రోడ్డు కంటే దిగువన ఉంటే, ఆ ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దు.

కొనేటప్పుడైతే బఫర్ లెక్క, అంటే చెరువు, నాలా పక్కన కట్టకుండా వదలాల్సిన జాగ లెక్క, తప్పనిసరి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. వరద వచ్చిన ప్రతిసారీ అధికారులు ముందుగా కొలిచేది ఇవే.

పాత బజారు వైపు మనుషుల ప్రాణం తీసేది గోడ. 2022 జూలై వానల్లో మండీబజార్‌లో పాత భవనం కూలి మనుషులు చనిపోయారు. గిర్మాజీపేట, పిన్నవారి వీధి, జేపీఎన్ రోడ్డు చుట్టుపక్కల కింద మట్టి గోడ, పైన కొత్త స్లాబ్ వేసిన ఇళ్లు ఉన్నాయి. సున్నం రాలిన మూల దొరకబుచ్చుకుని రాళ్ల మధ్య తాళం చెవితో గీకండి. మన్నులా పొడి రాలితే అది మట్టి జోడింపు, దాని మీద స్లాబ్ బరువు ఉండకూడదు. చిటికెన వేలి గోరు దూరేంత నిలువు పగులు, స్లాబ్ అడుగున తుప్పు మరకలు, కిటికీ పైమూల నుంచి ఏటవాలుగా పోయే చీలిక, ఈ మూడింట్లో ఏది ఉన్నా కిరాయికి కూడా దిగకండి.

మారుతున్న బస్తీలో ఇంకో ప్రమాదం పక్క ప్లాట్ నుంచి వస్తుంది. ఎంజీఎం దగ్గర్లోని సెంట్రల్ జైలును 2021లో కూల్చి 24 అంతస్తుల ఆసుపత్రి మొదలుపెట్టినప్పటి నుంచి ఎంజీఎం చుట్టూ పాత ఇళ్లు హాస్టళ్లుగా, ల్యాబులుగా మారుతున్నాయి. పక్కవాళ్లు ఇల్లు కూల్చి సెల్లార్ తవ్వితే ఉమ్మడి గోడ మీది ఆధారం పోతుంది. మీరు చూసే ఇంటికి అటూ ఇటూ ఉన్నవి ఖాళీగా, తాళం వేసి, అమ్మకానికి ఉన్న పాత ఇళ్లయితే వచ్చే రెండు మూడేళ్లు అక్కడ తవ్వకమే. వానాకాలంలో తవ్వడం మొదలైతే, గోడకు పోటు పెట్టించకుండా ఊరుకోవద్దు, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. బట్టల గోదాముల మీద ఇల్లు ఉంటే ఇంకో సంగతి చూడాలి. ఫైరింజన్ దూరాలంటే గల్లీ మూడున్నర మీటర్లయినా ఉండాలి. మెట్లు ఒక్కటే ఉండి అది గోదాం పక్క నుంచే పోతే, పొగ పైకి వచ్చేదీ మీరు కిందికి దిగాల్సిందీ అదే దారి.

ఇక మీరు స్వయంగా చూడాల్సింది. పగలు పదకొండింటికి బ్రోకర్ బండి ఎక్కి చూస్తే ఏ బస్తీ అయినా బాగానే ఉంటుంది. మేడమ్ నైట్ డ్యూటీకి బయలుదేరే వేళ, డ్యూటీ దిగి వచ్చే వేళ, ఆ రెండూ ఇద్దరూ కలిసి నడిచి చూడండి. మెయిన్ రోడ్డు నుంచి ఇంటి దాకా వెలగని స్తంభాలు లెక్కపెట్టండి. ఒక్కటి ఆరితే పర్వాలేదు, వరుసగా రెండు ఆరితే యాభై అరవై మీటర్ల చీకటి. ఆ చీకటి ఎక్కడ పడిందన్నది ముఖ్యం: ఇళ్ల ముందా, ఖాళీ ప్లాట్ పక్కనా, మూసేసిన షెడ్డు గోడ వెంబడా. రాత్రి పదకొండింటికి తెరిచి ఉండే మెడికల్ షాపు, టీ కొట్టు ఏది, దాని నుంచి మీ గేటు కనబడుతుందా? వైన్స్ ఎక్కడుంది, పర్మిట్ రూమ్ గేటు ఏ గల్లీలోకి తెరుచుకుంటుంది? షాపు కంటే ఆ వెనక గల్లీయే ఇబ్బంది. వైన్స్ లైసెన్సులు రెండేళ్లకోసారి మారతాయి, ఇప్పటివి 2027 నవంబర్ దాకా. కాబట్టి ఇవాళ ఉన్నది రేపు పోవచ్చు, లేనిది రావచ్చు. ఆదివారం సాయంత్రం ఒకసారి, ఒకసారి గట్టి వాన పడిన గంట తర్వాత కూడా వెళ్లండి. వానలో చూడకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అత్యవసరానికి 100 లేదా 112. ఆడవాళ్లు ఒంటరిగా ప్రయాణం చేసేటప్పుడు 100కు ఫోన్ చేసి 8 నొక్కితే టీ-సేఫ్ కింద పోలీసులు ప్రయాణాన్ని గమనిస్తారు. 2024 మార్చి నుంచి ఉంది. మేడమ్, పాప ఇద్దరి చేతా ఒకసారి వాడించి చూడండి, అవసరం వచ్చిన రోజు మొదటిసారి నేర్చుకోకూడదు.

కాగితాల దగ్గర ఇక్కడ ఒక చిక్కు ఉంది. కార్పొరేషన్ ఒక్కటే, పోలీస్ కమిషనరేట్ ఒక్కటే. 2021 నుంచి జిల్లాలు మాత్రం రెండు, హనుమకొండ, వరంగల్. కలెక్టరేట్, తహసీల్దార్ వేరు. బ్రోకర్ "అంతా ఒకటే" అన్నా, మీ ఇల్లు ఏ మండలం కింద, ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుందో ముందు తేల్చుకోండి. ఈసీ (ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే సర్టిఫికెట్) 1983 నుంచి ఇప్పటి దాకా తీయండి, పాత ఇంటి నంబర్ మీద ఒకసారి, కొత్త నంబర్ మీద ఒకసారి. ఒక్క నంబర్ మీదే తీస్తే మధ్యలో జరిగిన అమ్మకం, తనఖా కనబడకపోవచ్చు. రిజిస్ట్రేషన్ల సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా చూడండి, పాత బస్తీల్లో వక్ఫ్, దేవాదాయ భూములు ఇళ్ల మధ్యలో కలిసిపోయి ఉంటాయి. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు, నోటరీ కాగితం అంతకన్నా కాదు. అన్నదమ్ముల ఇల్లయితే అక్కాచెల్లెళ్ల సంతకాలు కూడా ఉండాలి. సగం పాత ఇళ్ల కేసులు అక్కడే పుడతాయి.

ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కలైతే ఇంకో చట్టం వర్తిస్తుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లలో కొత్త కట్టడం నిషిద్ధం, ఆపైన 200 మీటర్లలో అనుమతితోనే కట్టాలి. కోట దగ్గర పాత ఇల్లు కొని కూల్చి కట్టుకుందాం అనుకునేవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. కరీమాబాద్ నుంచి కోట వైపు చూసేటప్పుడు దూరం కొలిపించండి.

మీ నాలుగు పేర్ల మీద నా అభిప్రాయం. మొదటి ఏడాది కిరాయికైతే మట్టెవాడ. ఎంజీఎంకు నడిచిపోయేంత దగ్గర, రాత్రంతా మనుషులుంటారు. రద్దీ, హారన్లు, బండి పార్కింగ్ మాత్రం భరించాలి. గిర్మాజీపేట కిరాయికి పర్వాలేదు, పిల్లర్లతో కట్టిన ఇల్లు దొరికితేనే. కుమార్‌పల్లి పాప చదువుకు, కుటుంబ వాతావరణానికి బాగుంటుంది, కానీ డ్యూటీకి రోజూ కొన్ని కిలోమీటర్లు పోవాలి. నైట్ డ్యూటీ రోజుల్లో ఎవరు దింపుతారో, ఎవరు తెస్తారో ముందే అనుకోవాలి. కాశిబుగ్గలో మెయిన్ రోడ్డుకు దగ్గర్లో పాత ఇళ్ల వరుసలు బాగానే ఉన్నాయి. ఎనుమాముల వైపు దిగుతున్నకొద్దీ చెరువు కింది కాలనీలు కాబట్టి ఎత్తు చూసుకోవాలి. మిర్చి సీజన్‌లో మార్కెట్ లారీల రద్దీ కూడా ఉంటుంది.

శివనగర్–కరీమాబాద్ గురించి మీ చుట్టాలు చెప్పింది ఇరవై ఏళ్ల కిందటి మాట. నా లెక్కలో కొనడానికి మీరు ముందు చూడాల్సింది అదే. అక్కడి ధరలో ఇంకా పాత పేరు తాలూకు తగ్గింపు ఉంది, ఎదుగుదల మాత్రం మొదలైంది. అసలు ఇబ్బంది అండర్ బ్రిడ్జి. గట్టి వాన పడితే కింద నీళ్లు నిలిచి చుట్టు తిరిగి పోవాలి. అందుకని మట్టెవాడలో కిరాయికి ఉంటూ ఒక వానాకాలం మొత్తం ఆ దారి గమనించండి. ఏ రోజు, ఎన్ని గంటలు దారి ఆగిందో క్యాలెండర్ మీద రాసుకోండి.

కిరాయి ఒప్పందం పదకొండు నెలలకు రాయించుకుంటే మీకు ఆ వానాకాలం దొరుకుతుంది. అందులో మూడు మాటలు పెట్టించండి: వరద నీరు ఇంట్లోకి వస్తే నోటీసు గడువు లేకుండా ఖాళీ చేసే హక్కు, అడ్వాన్స్ తిరిగి ఇచ్చే గడువు, బోరు లేదా నల్లా నీళ్లు ఆగితే ట్యాంకర్ ఖర్చు ఎవరిది. ఓనర్ మీ ఆధార్ జిరాక్స్ అడిగి స్టేషన్‌లో వివరాలు ఇస్తానంటే కాదనకండి, ఆ పని చేసే ఓనర్ ఉన్న బిల్డింగ్‌లో మిగతా పోర్షన్ల వాళ్లెవరో కూడా స్టేషన్‌కు తెలిసి ఉంటుంది. గల్లీ ఖరారైతే దాని పేరు, దగ్గర్లోని గుడో, స్కూలో రాయండి. ఏ నాలా వైపు వాలు ఉందో, ఏ స్టేషన్ బీటో చెబుతాను.